సత్తెమ్మ పేరున వచ్చిన కవర్లు

"మునిగిందని ఎవలు జెప్పిండ్రు వదినా నీకు?"

"ఎవలు జెప్తే ఏంది? మునిగింది. అంతే."

"అన్న పోయిండని కంపెనీ గుడ పోయిందా? అన్న ఉన్నప్పుడు ఒక్క యేడన్న తప్పిందా? వానలు పడని యేడు గుడ ఇచ్చిండ్రు గదా."

"ఇచ్చినన్ని రోజులు ఇచ్చిండ్రు. ఇప్పుడు ఇస్తలేరు. నన్నేం జెయ్యమంటవ్? బొంబాయి పోయి కొట్లాడమంటవా?"

"కొట్లాడమంటలేను. కాగితం ఏదన్న వచ్చిందా అని అడుగుతున్న. పోరికి నర్సు ట్రైనింగుల సీటొచ్చింది. నెలాఖరు లోపట ఫీజు కట్టాలె."

"రాలే."

"మా అన్న మీద ఒట్టేసి చెప్పు."

"ఒట్లు గిట్లు నాతోని పెట్టుకోకు సత్తెమ్మా. ముందు నీ మొగని తాగుడు మాన్పియ్యి. పోరి ఫీజు అండ్లనే ఎల్లుతది."

ఆ మాటతో సత్తెమ్మ లేచింది. నేను పెట్టిన చాయ్ ముట్టలేదు. కొంగు దులుపుకుని, ఎల్లారెడ్డి బస్సుకు టైమయిందని గోడకేసి చెప్పి వెళ్లిపోయింది. ఆమె కూర్చున్న చోటికి నాలుగడుగుల దూరంలో, మంచం కింద, నా ట్రంకు పెట్టె ఉంది. ఆమె పేరున కంపెనీ నుంచి వచ్చిన కవర్లు అప్పటికే అందులో మూడు ఉన్నాయి.

ఇది జరిగి పదేళ్లయింది. పదేళ్లుగా ఈ సంగతి నా లోపలే ఉంది. తిన్నా, పన్నా, గుడికి పోయినా నాతోనే ఉంది. కొడుక్కి చెప్పలేదు. కోడలికి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. నేను చదివింది మూడో తరగతి. వాకిట్లో బీడీలు చేసే ఆడవాళ్లకు పేపరు చదివి వినిపించీ వినిపించీ అక్షరం నిలబెట్టుకున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

నేనెలాంటి మనిషినో ముందు చెప్పాలి. అగ్గిపుల్ల ఒకటి ఎక్కువ గీస్తే అరిచేదాన్ని. నేను వంటింట్లోకి వస్తున్న చప్పుడు వింటే మా కోడలు ఇప్పటికీ పొయ్యి మంట సన్నం చేస్తుంది. ఒకరి సొమ్ము ఒక్క రూపాయి ముట్టలేదని జీవితమంతా తలెత్తుకుని తిరిగాను. ఆ గర్వం గురించి తర్వాత చెబుతాను.

సత్తెమ్మ మా ఆయన చెల్లెలు. మా మామకు నాగిరెడ్డిపేటలో చెరువు కింద వరి పొలం కొంచెం ఉండేది. అందులో అరెకరం బిడ్డకు పసుపు కుంకుమల కింద రాసిస్తానని పెళ్లి పందిట్లో అందరి ముందూ అన్నాడు. రాయకముందే మంచం పట్టాడు. ఆస్పత్రుల కోసం పొలమంతా అమ్మారు. ఆయన పోయాక కొంత మిగిలింది. అది సత్తెమ్మదే అన్నాడు మా ఆయన.

మా ఆయన కామారెడ్డిలో ఒక బెల్లం దుకాణంలో గుమస్తా. ఆ దుకాణం సేటుకు షేర్లు కొనే అలవాటు. షేరంటే కంపెనీలో చిన్న వాటా. లాభంలో నుంచి ఆ వాటాదారులకు కంపెనీ ఏటా కొంత పంచుతుంది. డివిడెండు అంటారు దాన్ని. ఆ రోజుల్లో చెక్కుగా పోస్టులో వచ్చేది. సేటు దగ్గర విని విని మా ఆయనకూ ఒక పట్టుదల ఏర్పడింది. "ధర పొద్దున పెరుగుతది, మాపటికి తగ్గుతది. దాన్ని సూస్తే పిచ్చి లేస్తది. ఏటేటా పంచుతుందా, కరువొచ్చిన యేడు గుడ పంచిందా, గది సూడాలె" అనేవాడు. అలా చూసి చూసి సబ్బులు చేసే ఒక కంపెనీని ఎంచాడు. మిగిలిన డబ్బంతా పెట్టి సత్తెమ్మ పేరున షేర్లు కొన్నాడు. ఆమెను కూర్చోబెట్టి సంతకం నేర్పించి మరీ కొన్నాడు. "ఇదే నీ పసుపు కుంకుమ పొలం అనుకో చెల్లె, ఈ కాగితాలు ఎన్నడు అమ్మకు. ఏటేటా వచ్చింది తిను" అన్నాడు.

అప్పటికి మా ఇంటి మీద రేకులు. వాన పడితే గిన్నెలు పెట్టుకునే ఇల్లు. ఆ డబ్బు ఉంటే స్లాబు పడుతుందని నేను అడిగాను. "అది నీది కాదు, నాది కాదు" అన్నాడు. ఆ మాట నిజం. నిజం కావడం వల్లనే నాకు అంత కోపం వచ్చిందేమో. చెల్లెలి పేరున అన్ని కాగితాలు కొన్నవాడు నా పేరున ఒక్కటి, ఊరికే ఒక్కటి, కొనలేదు. నేనూ బీడీలు చేసి ఇంట్లో పెట్టినదాన్నే కదా?

సత్తెమ్మ ఎల్లారెడ్డిలో కిరాయి ఇండ్లు మారుతూ ఉండేది. అందుకని కంపెనీకి మా ఇంటి అడ్రసే ఇచ్చాడు. ఏటా కవరు రాగానే మా ఆయన బస్సెక్కి వెళ్లి, ఆమెను బ్యాంకుకు తీసుకుపోయి, చెక్కు ఆమె ఖాతాలో వేయించి వచ్చేవాడు. వచ్చేటప్పుడు సత్తెమ్మ చేతికి ఏదో ఒకటి ఇచ్చి పంపేది. మక్కకంకులో, నాకు డజను గాజులో. డబ్బు రాగానే మొదటి ఖర్చు నా గాజులకే. నేను గాజులు తొడుక్కుంటూనే దుబారా మనిషని తిట్టేదాన్ని.

మా ఆయన పోయే ముందు ఆస్పత్రి మంచం మీద చెప్పిన మాట ఒక్కటే. "సత్తెమ్మ కాగితం వస్తే ఎల్లారెడ్డి పో. యేడాదికి ఒక్క పారి. మర్వకు." తల ఊపాను.

ఆ ఏడు కవరు వచ్చింది. రేపు పోదామనుకున్నాను. ఒక రోజు పోతే బీడీలు పోతాయి. బస్సు కిరాయి పోతుంది. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉండగా చేతికి ఒక సాకు దొరికింది. సత్తెమ్మ మొగుడు తాగుతాడు. చేతిలో పడితే నిలవదు. ఆమె చేయి కూడా పెద్దది. వచ్చినవాళ్లకల్లా బిస్కెట్ ప్యాకెట్ విప్పి పెట్టే మనిషి. నా దగ్గర ఉంటేనే నయం కదా?

ఆ సాకుకు ఇంకో సాకు తోడయింది. మా బీడీల కార్ఖానాలో కూలీలోంచి పి.ఎఫ్. పట్టేవారు. మధ్యలో తీసుకుని ఖర్చు పెట్టుకున్నవాళ్లకు చివరికి ఏమీ మిగల్లేదు. నేను ముట్టుకోలేదు. ముట్టుకోని డబ్బు మిత్తితో, అంటే వడ్డీతో, కలిపి ఒక్కసారి చేతికొచ్చింది. దానితోనే చివరికి మా ఇంటికి స్లాబు వేయించాను. సబ్బుల కంపెనీ కూడా అంతే అనుకున్నాను. చెక్కు బ్యాంకులో వేయకపోతే ఆ డబ్బు వాళ్ల దగ్గరే సత్తెమ్మ పేరు మీద పెరుగుతుంది. ముసలితనంలో అంతా ఒక్కసారి ఆమె ఒడిలో పోయవచ్చు. అందుకని కవరు చింపను కూడా చింపలేదు. చింపితే లెక్క చెడిపోతుందేమో అన్నంత జాగ్రత్త. లోపల ఇంగ్లీషులో ఏం రాసి ఉందో నాకు తెలియదు. ఎవరినైనా అడిగితే చెప్పేవారు. అడగలేదు.

ఇక్కడ ఆగి నాకు నేను ఒక ప్రశ్న వేసుకోవాలి. దాచడమే నా ఉద్దేశమైతే, ఆమె అడిగిన రోజు ఆ మాటే చెప్పొచ్చు కదా? దాచిన, సత్తెమ్మా, నీ మొగడు తాగుతడని దాచిన, ఇగో మూడు కవర్లు. ఇంత చెబితే సరిపోయేది. కోప్పడేది, తీసుకుపోయేది. మరి మునిగిందని ఎందుకన్నాను?

చాలా ఏళ్లు ఈ ప్రశ్న దగ్గరికి పోలేదు. ఇప్పుడు పోతున్నాను. ఆ రోజు ఆమె గడప మీద కూర్చుని, మా అన్న ఇట్ల, మా అన్న అట్ల అంటుంటే నాకు రేకుల కింద పెట్టిన గిన్నెలు గుర్తొచ్చాయి. ఆయన ఉన్నన్ని రోజులు నీకు పెట్టాడు, ఇప్పుడాయన లేడు, ఇక చాలు అనిపించింది. ఆమె మొహంలో ఆశ పోవడం చూడాలనిపించింది. చూశాను కూడా. దానికి పొదుపు అని పేరు పెట్టుకున్నాను.

సత్తెమ్మ బిడ్డ సునీత నర్సు ట్రైనింగుకు పోలేదు. సీటు వేరే పిల్లకు పోయింది. పద్దెనిమిదేళ్ల పిల్ల తల్లి పక్కన బీడీల చాట ముందేసుకుని కూర్చుంది. ఇప్పటికీ అక్కడే కూర్చుంటోంది. రెండేళ్లకు సత్తెమ్మ మొగుడు పోయాడు. అంటే తాగుతాడన్న నా సాకు కూడా పోయింది. అప్పుడైనా ఇవ్వొచ్చు కదా? అప్పుడు ఇంకో భయం పట్టుకుంది. ఇస్తే, మునగలేదని తెలుస్తుంది. నేనేంటో తెలుస్తుంది. తప్పు చేసినప్పటి కంటే దాన్ని కాపాడుకోవడానికే ఎక్కువ కష్టపడ్డాను. సత్తెమ్మ ఇంటికి పోయినప్పుడల్లా బాయి దగ్గర సబ్బు పెట్టెలో ఆ కంపెనీ సబ్బే ఉండేది. ఆమెకు చదువు రాదు. అది ఏ కంపెనీయో చదువుకున్న సునీతకు చెప్పినవాళ్లు లేరు. నేను మునిగిందన్న కంపెనీ సబ్బుతోనే ఒళ్లు తోముకునేది.

కవర్లు ఇంకా కొన్నేళ్లు వచ్చాయి. ఒకసారి రిజిస్టరు ఉత్తరం వచ్చింది. సంతకం పెట్టి తీసుకుని అదీ పెట్టెలో వేశాను. ఆ తర్వాత రావడం ఆగిపోయింది. పోస్టుమన్ మా వాకిట్లో సైకిలు దిగకుండా పోతుంటే నా పానం తేలికపడింది. ఎందుకు ఆగిందని ఆలోచించలేదు.

ఈ మధ్య మా మనవరాలు శ్రావణి హైదరాబాదు నుంచి వచ్చింది. ఉద్యోగం చేసుకుంటోంది. జీతంలో కొంత నెలనెలా షేర్లలో పెడుతుంది. తాత గుణం వచ్చింది. ధర చూడదు, ఏటా పంచే కంపెనీలే ఏరుకుంటుంది. ముప్పై ఏళ్లు కదపకుండా ఉంచితే ఉద్యోగం మానేసినా వచ్చే పైసలతో బతకొచ్చు అంటుంది. ఆ రోజు ఫోను నా మొహం ముందు పెట్టి, "సూడు అవ్వా, డివిడెండు పడ్డది" అని మురిసిపోయింది. తెర మీద ఉన్న గుర్తు నేను ఎరిగినదే. నా పెట్టెలోని కవర్ల మీద ఉన్న గుర్తు.

ఊరికే అడిగినట్టు అడిగాను. "తీసుకోకుంట వాళ్ల దగ్గర్నే ఉంచితే మిత్తి ఎంతొస్తది బిడ్డా?"

"మిత్తా?" పడీ పడీ నవ్వింది. "అదేమన్న నీ బీడీల పి.ఎఫ్. అనుకున్నవా అవ్వా? చెక్కుకు మూడు నెలలే టైము. తీసుకోకుంటే గట్లనే పడి ఉంటది, పైస పెరగదు. ఏడేండ్లు వరుసగ తీసుకోకుంటే ఆ పైసలే కాదు, షేర్లు గుడ సర్కారు ఫండుకు పోతయి. ముందుగాల ఉత్తరం గుడ రాస్తరు."

నాకు రిజిస్టరు ఉత్తరం గుర్తొచ్చింది. నేను పెట్టిన సంతకం గుర్తొచ్చింది. నా చూపు మంచం కింది పెట్టె మీదికి పోయింది. దాని నవ్వు ఆగింది. "ఎవలియి అవ్వా?" అంది.

పెట్టె తెరిచి చూపించాను. అది ఒక్కొక్క కవరు వెలుతురుకు పెట్టి చూసింది. రిజిస్టరు ఉత్తరం చింపి చదివింది. ఎల్లారెడ్డి అవ్వవి ఇవి నీ దగ్గర ఎందుకున్నాయని అడగలేదు. అడిగి ఉంటే ఏదో ఒక అబద్ధం చెప్పేదాన్నేమో. పోయిన షేర్లు మళ్లీ అడగొచ్చని, దానికి దరఖాస్తు ఉంటుందని, ఎవరి పేరున్నదో వాళ్లే సంతకం పెట్టాలని, నెలలు పడుతుందో ఏళ్లు పడుతుందో తెలియదని చెప్పింది. "నేను చెప్పాల్నా, నువ్వు చెప్తవా?" అంది. నేనే చెబుతానన్నాను.

మొన్న ఎల్లారెడ్డి వెళ్లాను. ఆడవాళ్లకు బస్సు ఉచితం ఇప్పుడు. కిరాయి పోతుందనే సాకు కూడా లేదు. దారి పొడుగునా సంచీ ఒడిలో పెట్టుకుని, ఎలా మొదలుపెట్టాలో అనుకుంటూ పోయాను. ముందు తాగుడు గురించి చెప్పాలా, పి.ఎఫ్. గురించి చెప్పాలా? బస్సు దిగేసరికి అర్థమైంది. అవన్నీ నన్ను నేను కాపాడుకునే మాటలే.

తల్లీ బిడ్డా ఇద్దరూ బీడీలు చేస్తున్నారు. సునీతకు పెళ్లయింది. మొగుడు దుబాయిలో ఉన్నాడు. సత్తెమ్మ నన్ను చూసి, "రా వదినా, ఇప్పుడు యాదికొచ్చినమా?" అని నవ్వింది. నీళ్లు తెమ్మని బిడ్డకు చెప్పింది. నీళ్లు తాగకుండానే చెప్పాను. కంపెనీ మునగలేదు. నేనే అబద్ధమాడిన. కవర్లన్నీ వచ్చినయి. ఇగో.

సంచీ ఆమె ముందు పెట్టాను. ఆమె చేతిలో సగం చుట్టిన బీడీ ఉంది. దాన్ని పూర్తిగా చుట్టి, దారం కట్టి, చాటలో వేసింది. అప్పుడు కవర్ల వైపు చూసింది.

"సునీతకు సీటొచ్చిన యేడు గుడ వచ్చిందా?"

తెలియదని అనొచ్చు. అంత పాత సంగతి ఎవరికి గుర్తుంటుంది? కానీ పోస్టు ముద్రలు చూసి వరుసగా పేర్చిపెట్టింది నేనే. మూడో కవరు తీసి ఇచ్చాను. "వచ్చింది. నువ్వు అడిగిన రోజు పెట్టెలనే ఉండె."

సునీత అందుకుంది. పదేళ్లు చింపని కవరును అంచు వెంట మెల్లగా చింపింది. చదివింది. అంతకు ముందు వచ్చిన రెండూ చింపింది. మూడూ పక్కపక్కన పెట్టి, "సగం ఫీజు ఎల్లేది" అంది. అంతే. తిట్టలేదు. మిగతా సగం తల్లి ఎక్కడైనా తెచ్చేది. కార్ఖానాలో అడిగేది, చెవులవి అమ్మేది. ఏమీ లేని చోట ఎవరూ ప్రయత్నం చేయరు. సగం ఉంటే చేస్తారు. ఆ సగం నా మంచం కింద ఉంది.

సత్తెమ్మ అడిగింది. "ఖర్సు పెట్టుకున్నవా వదినా?"

ఆ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నట్టు గబుక్కున చెప్పాను. "లేదు సత్తెమ్మా. మీ అన్న మీద ఒట్టు. ఒక్క రూపాయి ముట్టలే."

"ముట్టినా బాగుండు" అంది. "ఎవలిదన్న కడుపు నిండేది. నీ మన్మరాలు సదువుకన్న పనికొచ్చేది. ఎవలూ తినకుంట సేసినవ్."

ఒకరి సొమ్ము ముట్టలేదన్న నా గర్వం గురించి చెబుతానన్నాను కదా. అది ఆ నిమిషాన పోయింది. దొంగతనం చేసినవాడికి కనీసం అవసరం ఉంటుంది. నాకేముంది? ఒకరికి అందకూడదు, అంతే.

క్షమించమని అడగలేదు. అడిగితే ఆమె మీద ఇంకో బరువు పెట్టినట్టు. ఆమె క్షమించానని అనలేదు. అనే మనిషే అయినా అనలేదు. సునీత మాత్రం, "ఏ కవరు ఎప్పుడొచ్చిందో, రిజిస్టరు ఎవరు తీసుకున్నరో నువ్వే చెప్పాలె అత్తమ్మా, రాసుకుంట. ఈ పూట ఉండు" అంది. ఉన్నాను. అడిగినవన్నీ చెప్పాను. ఒక్కటి కూడా తగ్గించలేదు. ఒకరితో ఏదీ దాచకుండా మాట్లాడి ఎన్నేళ్లయిందో. అన్నీ చెప్పేశాక లోపల ఖాళీ అయినట్టు ఉంది. అది సుఖమని అనను. అనే హక్కు నాకు లేదు. అబద్ధం ఇంక కాపాడుకోనక్కర్లేదు, అంతే.

మరునాడు పొద్దున సునీత కవర్లన్నీ ఒక ప్లాస్టిక్ సంచీలో పెట్టుకుని మీసేవకు బయల్దేరింది. సత్తెమ్మ తడిగుడ్డలో చుట్టిన తునికాకు విప్పి చాట ముందుకు లాక్కుంది. సునీత వాడే కత్తెర పక్కనే ఊరికే పడి ఉంది. నేను దాన్ని తీసుకుని ఆకు కత్తిరించడం మొదలుపెట్టాను. చేతులు ఆ పని మరచిపోలేదు. నాలుగు ఆకులు కత్తిరించాను. సత్తెమ్మ నా వైపు చూడకుండా చెయ్యి చాపింది. కత్తెర ఇచ్చాను. దాన్ని తన మోకాలి పక్కన పెట్టుకుని, నేను కత్తిరించిన నాలుగు ఆకులనూ చాటలోంచి తీసి కింద పెట్టింది. కట్టలోంచి వేరే ఆకు తీసుకుంది. నేను చెప్పులేసుకుని బస్టాండుకు నడిచాను.